నల్ల పేజీల పుస్తకం

చీపురుపల్లి,
జూన్ 9.

వదినా,

నేను సుహాసినిని. ఎనిమిది నెలలుగా మీరు ఫోను చేస్తూనే ఉన్నారు, నేను ఎత్తడం లేదు. మీ మీద కోపం కాదు. "ఎలా ఉన్నావు" అని ఎవరైనా అడిగితే నాకు నోరు పెగలదు. కాగితం ముందైతే ఎవరూ ఉండరు కనక నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

మొన్న బీరువా కింద ఊడుస్తుంటే మీరిచ్చిన నల్ల పేజీల పుస్తకం బయటపడింది. నాకు ఐదో నెలలో "ఊరికే టీవీ చూస్తూ కూర్చోకు, పుట్టబోయేవాళ్ల కోసం స్క్రాప్‌బుక్ చెయ్యి" అని మీ షాపు నుంచి తెచ్చి నా ఒళ్లో పడేశారు. రెండు పేజీలు చేశాను. మొదటి పేజీ మాత్రం పేరు రాయడానికని ఖాళీగా వదిలాను. ఏడో నెలలో ఆయాసం ఎక్కువై పక్కన పెట్టేశాను. ఆ తరువాత అక్టోబరు వచ్చింది. ఎనిమిదో నెల నిండకుండానే పాప ఊపిరి లేకుండా పుట్టింది. ఈ వాక్యం నేను రాయడం ఇదే మొదటిసారి.

ఆసుపత్రి ఫైలూ, కుట్టి ఉంచిన చిన్న చొక్కాలూ అత్తయ్య ఇంట్లో లేకుండా చేశారు. మా ఇద్దరి ఫోన్లలోని స్కాన్ ఫోటోలు మీ తమ్ముడు ఆ వారంలోనే తీసేశారు. చూసుకుంటూ కూర్చుంటే నేను కోలుకోనని వాళ్ల భయం. స్కానింగు సెంటరులో అడిగితే అంత పాతవి తమ దగ్గర ఉండవన్నారు. కానీ ఏడో నెల స్కాన్ బొమ్మ ఒకటి ఈ పుస్తకంలోనే పెట్టి మరిచిపోయాను వదినా. పక్కకి తిరిగిన ముఖం, ముక్కు, పెదవులు స్పష్టంగా ఉన్నాయి.

పుట్టాక పాపని నేను చూడలేదు. మత్తు వదిలేసరికి మీ తమ్ముడు తీసుకెళ్లిపోయారు. నర్సు గుడ్డలో చుట్టి ఇచ్చేసిందనీ, ముఖం ఎవరూ చూడలేదనీ అత్తయ్య చెప్పారు. కాబట్టి నా కూతురి ముఖమంటే ఈ బొమ్మే. ఇంకోటి లేదు.

బొమ్మ అంచులు మెలితిరుగుతున్నాయి, అక్కడక్కడ వెలిసింది కూడా. మీ షాపులో లామినేషన్ చేసి పంపండి. పోస్టులో వేయడానికి ధైర్యం చాలక, మీ ఊరి సంతకి పాసింజరులో వెళ్తున్న అసిరయ్య చేతికి ఇస్తున్నాను.

ఏడాది తిరిగేలోపు ఈ పుస్తకం పూర్తి చేయాలని ఉంది. నాకు అలంకరణ సరిగ్గా తెలియదు. మీరు నేర్పండి.

మీ
సుహాసిని


కోటబొమ్మాళి,
జూన్ 17.

చిరంజీవి సుహాసినికి మీ వదిన ఆశీస్సులు.

అసిరయ్య షాపులోకి వస్తూనే "ఒలమ్మా, సీపురుపల్లి కోడలు ఏటో కవరిచ్చినాది. దేవుడి పటంలాగ ఒళ్లోనెట్టుకుని అట్టుకొచ్చినాను, సూసుకో" అన్నాడు. కవరు మీద నీ చేతిరాత చూసి, గాజులు వేయించుకుంటున్న ఆవిడ చెయ్యి అలాగే వదిలేసి లేచిపోయాను. ఆవిడ అలిగి వెళ్లిపోయింది. వెళ్లనీ. ఎనిమిది నెలల తరువాత నా మరదలు మాట్లాడింది.

సరే, పాఠం మొదలుపెడతాను. నల్ల పేజీ మీద మామూలు పెన్ను కనిపించదు. తెల్ల జెల్ పెన్నులు నాలుగు ఈ పార్సిల్‌లో ఉన్నాయి. ఏది రాసినా ముందు పెన్సిలుతో సన్నగా రాసుకో, నచ్చితేనే పెన్ను పెట్టు. నల్ల కాగితం మీద తప్పు పడితే చెరపడానికి మందు లేదు. ఫెవికాల్ చేటెడు పూయకు, పేజీ అప్పడంలా లేస్తుంది. అగ్గిపుల్లతో సన్నగా రాసి, పైన బరువు పెట్టి ఒక పూట వదిలెయ్. మైదా జిగురు జోలికి అసలు పోవద్దు. మన ఇళ్లలో అందరూ అదే వాడతారు, ఏడాదికల్లా పురుగులు పుస్తకాన్ని జల్లెడ చేసి పెడతాయి.

ఫోటోని ఎప్పుడూ నేరుగా అంటించకు. పాత కవర్ల మూలలు నాలుగు కత్తిరిస్తే చిన్న చిన్న జేబులవుతాయి. ఫోటో మూలలు వాటిలో దూర్చి, జిగురు జేబులకే రాయి. రేపు ఫోటో బయటికి తీసి గుండెకి హత్తుకోవాలనిపిస్తే చిరగకుండా చేతికొస్తుంది.

ఒక పేజీలో అన్నీ పెట్టేయాలని ఆశపడకు, పెళ్లి స్టేజీలా తయారవుతుంది. మూడు వస్తువులు చాలు, ఒకటి పెద్దది, రెండు చిన్నవి. మిగతాదంతా ఖాళీ. చూసేవాళ్ల కంటికి కూర్చోవడానికి చోటుండాలి కదా. పెళ్లికార్డులు పారేయకు, వాటి బంగారు అంచులు కత్తిరిస్తే మంచి బోర్డర్లవుతాయి. బెండకాయ తల అడ్డంగా కోసి తెల్ల రంగులో ముంచి అద్దు, నక్షత్రాల్లాంటి పువ్వులు పడతాయి. అమ్మ చూడకుండా కొయ్యి. కూరకి తెచ్చిన బెండకాయలు ముట్టుకుంటే ఊరంతా చెబుతుంది.

స్కాన్ బొమ్మ భద్రంగా ఉంది. రేపు చేసేస్తాను.

నీ వదిన
ఝాన్సీలక్ష్మి


చీపురుపల్లి,
జూలై 4.

వదినా,

నాలుగు పేజీలయ్యాయి!

ఐదో నెల పేజీలో, అప్పుడు నేను తెగ తిన్న చింతచిగురు పెట్టాను. రెమ్మల్ని పాత డైరీలో పెట్టి, పైన బియ్యం డబ్బా ఎక్కించి వారం ఉంచితే ఎండి పలచగా వచ్చాయి. ఆరో నెల పేజీలో మీ తమ్ముడు రాసిన చీటీ ఉంది. "కాళ్లు కింద పెట్టొద్దు, గిన్నెలు నేను తోమేశాను" అని రాసి గడియారం కింద పెట్టి వెళ్లారు గుర్తుందా, మీరందరూ ఏడిపించారు. ఫెవికాల్ మాత్రం మీరు వద్దన్నా ఎక్కువైంది, ఆ పేజీ కాస్త ఉబ్బింది.

బెండకాయల సంగతి దొరికిపోయింది. అత్తయ్య వంటింట్లోంచి "ఏటే ఇది, తలకాయలన్నీ కోసీసినావు? పులుసులోకి మొండేలు ఎయ్యమన్నావేటి?" అన్నారు. చాలా నెలల తరువాత నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు తరువాత గంటసేపు ఏడ్చాను.

ఎనిమిదో పేజీ పాప ముఖానిది. దాన్ని ఇంకా అలంకరించలేదు. బొమ్మ కొలత గుర్తుపెట్టుకుని కవరు మూలలు నాలుగు కత్తిరించి, పేజీ మధ్యలో అంటించి ఉంచాను. రోజూ ఆ నాలుగు జేబుల మధ్య ఖాళీని చూస్తున్నాను. లామినేషన్ అయ్యాక దాని చుట్టూ ఏం పెడితే బాగుంటుందో చెప్పండి. ఎవరూ చూడని ముఖం కదా, ఆ ఒక్క పేజీ అందంగా రావాలి.

బొమ్మ ఇంకా రాలేదు. ఈసారి పంపండి.

మీ
సుహాసిని


కోటబొమ్మాళి,
జూలై 15.

చి. సుహాసినికి,

నీ ఉత్తరం అందింది. లామినేషన్ మెషీను వేడెక్కడం లేదు. శ్రీకాకుళం నుంచి మెకానిక్కు రావాలి. వాడు ఈ రోజు రేపు అంటున్నాడు. కంగారు పడకు.

ఈలోగా ఎనిమిదో పేజీకి పద్ధతులు చెబుతాను, చేసి ఉంచు. బొమ్మ కింద నేరుగా నల్ల పేజీ ఉండకూడదు. రెండు రంగు కాగితాలు వెయ్యి. అడుగుది నాలుగు వైపులా రెండు వేళ్లు పెద్దది, పైది ఒక వేలు పెద్దది. అడుగు కాగితం అంచుని కత్తెరతో కాకుండా చేత్తో నీ వైపుకి చింపు, తెల్లని నూగు అంచు వస్తుంది. చిక్కటి టీ డికాషన్ చల్లార్చి దూదితో అద్దితే కాగితానికి పాతకాలం రంగు వస్తుంది, నీడలో ఆరబెట్టాలి. అంచు వెంట దారంతో కుట్టు వేస్తే ఇంకా బాగుంటుంది. దానికి ముందు ఖాళీ సూదితో కొలత ప్రకారం చిల్లులు పొడుచుకుని, ఆ తరువాతే దారం ఎక్కించు. ఒక్కసారే కుట్టబోతే కాగితం చీలుతుంది. మూలల్లో జెల్ పెన్నుతో చుక్కల ముగ్గు పెట్టు. లేసు పంపుతున్నాను. పూసలు కూడా. చంకీలు రెండు రంగులు. అద్దం బిళ్లలు వాడితే వెనక చిన్న దూది ఉండ పెట్టి అంటించు, ఎత్తుగా ఉంటాయి. కవరుకి మూడు వైపులా జిగురు రాసి అంటిస్తే జేబవుతుంది, పైకి చూపించడం ఇష్టంలేనివి అందులో దాచుకోవచ్చు.

ఇంకో మాట. "ఎవరూ చూడని ముఖం" అని రాశావు. అలా రాయకు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఝాన్సీ


చీపురుపల్లి,
ఆగస్టు 2.

వదినా,

మీ లేసు, పూసలు, చంకీలు అందాయి. డబ్బా అలాగే మూసి పెట్టాను.

మా పక్కింటి కుమారి పోయిన వారం మీ ఊరు చుట్టాలింటికి వెళ్లి, మీ షాపులోనే పిల్లల సర్టిఫికెట్లు లామినేషన్ చేయించుకుని వచ్చింది. వేడివేడిగా చేతికిచ్చారట. మెషీను ఎప్పుడూ పాడవలేదట.

పోయిన ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో పద్ధతులే ఉన్నాయి, మీరు లేరు. మీరు ఒక్కసారి కూడా నన్ను ఏడిపించలేదు, తిట్టలేదు. ఒక పేజీలో మూడు వస్తువులు చాలన్న మనిషి పది వస్తువులు పంపారు.

బొమ్మ ఏమైంది? పోయిందా? పోతే పోయిందని చెప్పండి. లామినేషన్ లేకపోయినా ఫర్వాలేదు, ఎలా ఉన్నది అలాగే పంపండి. ఆ నాలుగు జేబుల మధ్య ఖాళీని ఇంక చూడలేను.

సుహాసిని


కోటబొమ్మాళి,
ఆగస్టు 9.

సుహాసినికి,

పోలేదు. ఈ కవరులోనే ఉంది. బొమ్మ తీసి చూసే ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు, నా మీద ఒట్టు.

బస్సు టికెట్లు, ఏటీఎం చీటీలు లామినేషన్‌లో పెట్టకూడదు. అది వేడి తగిలితే నల్లబడే కాగితం. స్కాన్ బొమ్మ వేసేదీ అలాంటి కాగితం మీదే. ఇరవై ఏళ్లుగా ఆ మెషీను ముందు కూర్చుంటున్నాను. వచ్చినవాళ్లకి నేనే చెబుతాను, "ఇది మాడిపోతాది, వద్దు" అని. ఏది పెట్టినా ముందు ఒక జిరాక్స్ తీసుకోమనీ నేనే చెబుతాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా నాకు దారి లేదు.

జూన్ పద్దెనిమిదో తారీకు మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేనప్పుడు కవరులోంచి తీశాను. ముఖం కనబడగానే బోర్లా తిప్పేశాను. చూడలేకపోయాను. వెనక వైపు మామూలు తెల్ల కాగితమే కదా, అలాగే బోర్లా ప్లాస్టిక్ కవరులో పెట్టి, అలాగే మెషీనులో తోశాను. జిరాక్స్ తీయాలంటే ముఖం పైకి తిప్పాలి కదా, తీయలేదు. ఇవతలికి వచ్చాక తిప్పి చూస్తే ఈ మూల నుంచి ఆ మూలకి నల్లగా ఉంది. ఎండలో పెట్టి చూశాను. చల్లార్చి చూశాను. శ్రీకాకుళం తీసుకెళ్లి ఫోటో స్టూడియోవాళ్లకి చూపించాను. వాళ్లు నవ్వుతారేమో అనుకున్నాను, అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికి తిరిగిచ్చేశారు.

దాదాపు రెండు నెలలు దాచి, నీకు లేసులూ పూసలూ పంపాను. అబద్ధాలు రాశాను. నీ కూతురి ముఖాన్ని నా చేతులతో మాడ్చేశాను సుహాసినీ. ఇంక నన్నేమైనా అను.

ఝాన్సీలక్ష్మి


చీపురుపల్లి,
ఆగస్టు 16.

అందింది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఏటవాలుగా పట్టుకుని చూశాను. ఒక గీతైనా మిగిలి ఉంటుందేమోనని. అందులో నా ముఖమే కనబడింది.

చూడలేకపోయానని రాశారు. మీరెందుకు చూడలేరు? తొమ్మిది నెలలు మోయబోయింది నేను. కనీ చూడలేకపోయింది నేను. మీకేం అధికారం ఉందని చూడలేకపోయారు? నాకు దొరకని ముఖం మీ చేతిలో పెట్టాను, మీరు దాన్ని బోర్లా తిప్పారు. మాడినందుకు కాదు వదినా, బోర్లా తిప్పినందుకు మిమ్మల్ని క్షమించలేను.

పుస్తకం బీరువా కింద పెట్టేశాను. ఇక పార్సిళ్లు పంపొద్దు.

సుహాసిని


కోటబొమ్మాళి,
సెప్టెంబరు 11.

సుహాసినీ,

పార్సిల్ వద్దన్నావు. ఇది ఆఖరుది. ఇందులో పూసలూ లేసులూ లేవు. ఒక పాత గుడ్డ ముక్క ఉంది, అది నీది.

ఎందుకు చూడలేకపోయావని అడిగావు. నెల రోజులుగా జవాబు రాస్తున్నాను, చింపేస్తున్నాను. నేను ఆ ముఖాన్ని అప్పటికే చూశాను కనక చూడలేకపోయాను.

ఆ రోజు నువ్వు మత్తులో ఉన్నావు. నీకు బీపీ ఎక్కువైందని ఆసుపత్రిలో చేర్చినప్పటి నుంచి, నీకు తల్లి లేదు కదా అని నేనే నీ దగ్గర ఉన్నాను. నర్సు పాపని గుడ్డలో చుట్టి బయటికి తెచ్చింది. తమ్ముడు మురళి గోడవైపు తిరిగిపోయాడు. అమ్మ బెంచీ మీద నుంచి లేవలేదు. "తల్లికి సూపించొద్దు. సూసినాదంటే జన్మలో మరవనేదు. నానూ సూడనే, నావల్ల కాదు" అంది. ఎవరో ఒకరు చేతులు చాపాలి కదా. నేను చాపాను.

స్నానం లేకుండా పంపడానికి మనసొప్పలేదు. నర్సుని బతిమాలితే పక్కగదిలో గోరువెచ్చటి నీళ్లిచ్చింది. కాళ్లు చాపుకుని కూర్చుని, నా పిల్లలిద్దరికీ పోసినట్టే పోశాను. ఇద్దరూ మగపిల్లలే నాకు. ఆడపిల్లకి పోయడం అదే మొదటిసారి.

జుట్టు ఒత్తుగా నుదుటి దాకా ఉంది సుహాసినీ. కుడి చెవి పైకొస కొంచెం లోపలికి మడత పడి ఉంది, నీకున్నట్టే. ముక్కు మురళిది, అది మాత్రం తప్పించుకోలేకపోయింది. పై పెదవి మధ్యలో చిన్న మొన. గడ్డం మీద సొట్ట మా అమ్మది. కళ్లు మూసుకునే ఉంది, వాటి సంగతి నాకు తెలియదు. వేళ్లు పొడుగు. కత్తెర చక్కగా పట్టే వేళ్లు. ముఖం మీద బాధ లేదు, నేను గట్టిగా చూశాను, లేదు.

నీ సీమంతానికని తెచ్చిన సంచి నా దగ్గరే ఉంది. గాజులు, పసుపు, పారాణి సీసా. ఆడపిల్ల, బోసి పాదాలతో ఎలా పంపను? రెండు పాదాలకీ పారాణి పెట్టాను. ఒక్కో పాదం నా చూపుడువేలంత ఉంది. ఒళ్లు తుడవడానికి పాత పంచె ముక్క ఒళ్లో వేసుకున్నాను, పాదాలు దాని మీద ఆనాయి. ఎత్తి చూస్తే రెండు అచ్చులు. కావాలని తీసినవి కావు, ఆమే పెట్టింది.

ఇంకో పని కూడా చేశాను. పేరు లేకుండా పంపకూడదనిపించింది. బిడ్డ చెవిలో పేరు చెప్పే వంతు మన ఇళ్లలో మేనత్తది. నువ్వేం పేరు అనుకున్నావో నాకు తెలియదు. ఆ క్షణాన నా నోటికి ఒక్కటే వచ్చింది. కుడి చెవిలో మూడుసార్లు "బుజ్జమ్మా" అన్నాను. అది పేరేమిటి, వీధికి పదిమంది ఉంటారు. ఇంతకన్నా మంచిది తోచలేదు, క్షమించు. తరువాత మురళి చేతిలో పెట్టాను.

అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది, నీకు చెప్పొద్దని. అదొక్కటే కారణమంటే అబద్ధం. గుడ్డని షాపులో గాజుల అరల వెనక దాచాను. ఆ ముఖం నా ఒక్కదానికే తెలుసన్నది నాకు మోయలేని బరువూ అయింది, వదులుకోలేని సొంతమూ అయింది. నీది నేను దాచుకున్నాను. బొమ్మ మాడ్చినదానికన్నా ఇది పెద్ద తప్పు.

ఈ గుడ్డకి నీళ్లు తగలనివ్వకు, పారాణి పాకుతుంది. జిగురు రాయకు. ప్లాస్టిక్ పెట్టకు. అంచుల వెంట ముందు ఖాళీ సూదితో చిల్లులు పొడిచి, తెల్ల దారంతో పేజీకి కుట్టు. దగ్గరదగ్గరగా వద్దు, వదులుగా. దాని చుట్టూ ఏమీ పెట్టకు.

నీ వదిన


చీపురుపల్లి,
అక్టోబరు 1.

వదినా,

కుట్టాను.

గుడ్డ అందిన మొదటి మూడు రోజులు పుస్తకం తీయలేదు. దాన్ని కడుపు మీద పరుచుకుని పడుకున్నాను. మిమ్మల్ని తిట్టుకున్నాను కూడా. ఏడాదిపాటు మీ గాజుల వెనక ఉంది నా కూతురు. తరువాత, నీళ్లు పోస్తున్న మీ చేతులు కళ్లముందు కనిపించాయి. నేను అనుకున్నది వేరు వదినా. ఎవరో పరాయి మనిషి చుట్టి ఇచ్చేసిందని, ఒక్క చెయ్యి కూడా ఆప్యాయంగా తగలకుండా వెళ్లిపోయిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. రోజూ ఆ మాటే తలుచుకుని చచ్చాను. అది నిజం కాదని మీరు ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేది.

నాలుగో రోజు హాల్లో అందరి ముందే పుస్తకం పరిచాను. అత్తయ్య వచ్చి "ఏటే అది" అన్నారు. చెప్పాను. కళ్లజోడు తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. "ఇంతేటే పాదాలు? నా సిటికినేలంతైనా నేవు" అన్నారు. కళ్లజోడు తీసి "నాను సూడనన్నాను. సూడాల్సింది. బామ్మనై ఉండి ఒకపాలి ఎత్తుకోనేదు" అని నా భుజం పట్టుకుని ఏడ్చారు. కుడుతున్నంతసేపూ గుడ్డ కదలకుండా అంచు ఆవిడే పట్టుకున్నారు.

ఎనిమిదో పేజీలోని ఆ నాలుగు జేబుల్లో నల్లబడ్డ బొమ్మనే పెట్టాను. కొలత సరిగ్గా సరిపోయింది. నలుపు మీద నలుపు కనక చూసేవాళ్లకి ఏమీ కనిపించదు. దాని చుట్టూ తెల్ల పెన్నుతో మీ మాటలే రాశాను. చెవి మడత, తప్పించుకోలేని ముక్కు, పెదవి మొన, సొట్ట, పొడుగు వేళ్లు. మీ తమ్ముడు చదివి "నా ముక్కుని ఎవరు తిట్టారు" అని నవ్వబోయి, నవ్వలేక అక్కడే కూలబడిపోయారు. ఆ రోజు ఆయన పనికి వెళ్లలేదు. ఎదుటి పేజీలో పాదాలున్నాయి. చుట్టూ ఏమీ పెట్టలేదు.

ఇక మొదటి పేజీ. ఇది మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఐదో నెలలోనే పేరు అనుకున్నాను. ఆడైనా మగైనా భరణి. పెళ్లికార్డు బంగారు కాగితంలోంచి మూడు అక్షరాలూ కత్తిరించి, ఒక కవరులో దాచాను. ఈ వారమంతా వాటిని మొదటి పేజీ మీద పేర్చడం, తీసేయడం. ఆ పేరుతో నేను పాపని ఒక్కసారైనా పైకి పిలవలేదు వదినా. పుట్టకముందే పిలిస్తే దిష్టి తగులుతుందని భయపడ్డాను. ఆమెని పిలిచిన పేరు ఒక్కటే ఉంది. అది మీరు పిలిచింది.

ఆ మూడు అక్షరాలూ చివరి పేజీ జేబులో వేసి మూతి అంటించేశాను. మీరు రండి. మొదటి పేజీ మీద బుజ్జమ్మ అని మీ చేత్తోనే రాయండి.

మీ
సుహాసిని


కోటబొమ్మాళి,
అక్టోబరు 6.

అమ్మా సుహాసినీ,

శనివారం పొద్దున్న పాసింజరుకి బయలుదేరుతున్నాను. స్టేషనుకి ఎవరూ రానక్కర్లేదు. సంచి కూడా లేదు, ఒక తెల్ల పెన్నూ ఒక పెన్సిలూ పట్టుకుని వస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి షాపులో నల్ల కాగితాల మీద ఆ పేరు రాసి చూసుకుంటున్నాను. బోర్డుల మీద పేర్లు రాసినదాన్ని, మూడు అక్షరాలు కుదరక కాగితం మీద కాగితం పారేస్తున్నాను. కొనడానికి వచ్చినవాళ్లు "ఏటమ్మా, రెండు రోజులై అదే రాస్తన్నావు, ఎవులా బుజ్జమ్మ?" అని అడిగారు. నా మేనకోడలని చెప్పాను. ఏడాదిలో మొదటిసారి పైకి చెప్పాను. వాళ్లు "ఎంత వయసేటి" అన్నారు. నేను లోపలికి వెళ్లిపోయాను.

నీకు చెప్పినట్టే ముందు పెన్సిలుతో రాస్తాను, తరువాత పెన్ను పెడతాను. నువ్వు నా పక్కన కూర్చోవాలి. నీ నోటితో ఒక్కసారైనా పిలవలేదని రాశావు కదా. నేను ఒక్కో అక్షరం రాస్తుంటే, నువ్వు పైకి పిలువు.

నీ వదిన
ఝాన్సీలక్ష్మి